ఉప్పునీటి చెరువులో ఒక్కసారిగా చావులు: సున్నం సంచి విప్పకముందే కారణం పట్టుకోండి



రాత్రి మేత తిన్న చేపలు తెల్లారేసరికి గట్టు వెంట తేలితే ఎవరికైనా కాళ్లు చల్లబడతాయి. వెంటనే ఫోన్లు మొదలవుతాయి. ఒకరు సున్నం చల్లమంటారు, ఒకరు జియోలైట్ అంటారు, మందుల కొట్టు అబ్బాయి రెండు డబ్బాలు బండి మీద పెట్టుకుని వచ్చేస్తాడు. ఆ గంటలో మీరు వేసే మందు చెరువును నిలబెట్టవచ్చు, మిగిలిన సరుకును కూడా ముంచవచ్చు. అందుకే ఈ వ్యాసంలో మందుల జాబితా ఇవ్వడం లేదు. చావులకు కారణం ఏమిటో మీరే గట్టు మీద ఎలా తేల్చుకోవాలో చెబుతాను. వనామి, పండుగప్ప, పీత, వీటిలో ఏది పెంచినా ఉప్పునీటి చెరువుకు ఈ లెక్క పనికొస్తుంది.

ఇప్పుడే ఎందుకు చెప్పాల్సి వస్తోంది

మన రొయ్యకు పెద్ద కొనుగోలుదారు అమెరికా. 2025 ఆగస్టులో ఆ దేశం మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆ దెబ్బ గట్టు మీద ధరకు తగిలింది. అదే ఏడాది అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను కోస్తాలో తీరం దాటింది. తుఫాను వచ్చిందంటే గట్టు మీదకు మూడు కష్టాలు కలిసి వస్తాయి: కుంభవృష్టి, మబ్బు పట్టిన పగళ్లు, కరెంటు కోత.

సుంకం మన చేతిలో లేదు, తుఫాను మన చేతిలో లేదు. కానీ ధర తగ్గినప్పుడు చిన్న రైతు ఏం చేస్తాడో చూడండి. డీజిల్ మిగులుతుందని ఏరియేటర్లు తక్కువ గంటలు తిప్పుతాడు. కిలో మీద మిగిలేది తగ్గింది కాబట్టి కిలోలు పెంచుదామని సీడ్ ఎక్కువ వేస్తాడు. కౌంటు త్వరగా రావాలని మేత పెంచుతాడు. రేటు కోసం పట్టుబడి వాయిదా వేస్తాడు. ఒక్కోటి విడిగా చూస్తే తప్పనిపించదు. నాలుగూ ఒకే చెరువులో కలిస్తే, ఆ చెరువు ఒక్క మబ్బు రోజుకు కూడా తట్టుకోలేదు. ఒక్క రాత్రిలో చచ్చాయని మనం అనుకునేవాటిలో చాలావరకు ఆ రాత్రి పుట్టిన సమస్యలు కావు. నెల రోజులుగా కూడుకున్న అప్పు ఆ రాత్రి వసూలవుతుంది.

నేను చదివింది వ్యవసాయం కాబట్టి ఎరువుల లెక్కలో చెబుతాను. 35 శాతం మాంసకృత్తులున్న 100 కిలోల మేతలో నత్రజని సుమారు ఐదున్నర కిలోలు. అందులో మూడో వంతు కూడా చేప ఒంటికి పట్టదు. మిగిలిన నాలుగు కిలోలు నీటిలోకో అడుగు మట్టిలోకో పోతాయి. అంటే రోజుకు 100 కిలోల మేత పడే చెరువులో రోజూ ఎనిమిది కిలోల పైన యూరియా చల్లినంత నత్రజని మిగులుతుందన్నమాట. పైరుకైతే పీల్చుకునే వేళ్లుంటాయి. చెరువులో ఆ పని నాచు, సూక్ష్మజీవులు చేయాలి. అవి కూడా రాత్రంతా గాలి పీల్చుకునేవే.

నా వల్ల జరిగిన ఒక తప్పు

1995 ప్రాంతంలో టైగర్ రొయ్యకు తెల్లమచ్చ వైరస్ తగిలి తీరం పొడవునా చెరువులు ఎండబెట్టిన రోజుల్లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఒకరోజు మధ్యాహ్నం రెండు గంటలకు ఎకరంన్నర చెరువున్న ఒక రైతు వచ్చి, రొయ్యలు గట్టు వెంట తిరుగుతున్నాయని, కొన్ని చచ్చాయని చెప్పాడు. నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా ఉన్నాయి. నేను పీహెచ్ చూడలేదు. కాల్చిన సున్నం చల్లమన్నాను, అప్పట్లో దేనికైనా అదే చెప్పేవాళ్లం. సాయంత్రానికి చెరువంతా తెల్లగా తేలింది. ఆయన ఏమీ అనలేదు. ఆయన భార్య మాత్రం, "సున్నం చల్లకముందు బతికే ఉన్నాయి కదా సారూ" అంది.

ఆ ప్రశ్నకు జవాబు నాకు తర్వాత తెలిసింది. ఆ చెరువులో ఉన్నది అమ్మోనియా. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయదు, రెండోది విషం. రెండింటి వాటాను తేల్చేది ముఖ్యంగా పీహెచ్. మన వేడికి, పీహెచ్ 8 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషపు వాటా ఆరేడు శాతం ఉంటుంది. పీహెచ్ 9కి చేరితే అది 40 శాతం దాకా పోతుంది. చిక్కటి నాచున్న చెరువులో ఎండవేళ పీహెచ్ ఎలాగూ పైకెక్కి ఉంటుంది. దాని మీద కాల్చిన సున్నం వేస్తే ఉన్న అమ్మోనియానే విషంగా మార్చినట్టు. నేను చేయించింది అదే.

మరి సున్నం చెడ్డదా? కాదు. అడుగు మట్టి నుంచి కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువుది సరిగ్గా దీనికి ఎదురు స్వభావం. పీహెచ్ తగ్గేకొద్దీ దాని విషం పెరుగుతుంది, పెరిగేకొద్దీ తగ్గుతుంది. పెద్ద వాన తర్వాత పీహెచ్ పడిపోయినప్పుడు సున్నం మేలు చేస్తుంది. ఒకే సంచి ఒక చెరువును కాపాడుతుంది, పక్క చెరువును చంపుతుంది. ఏ చెరువుకు ఏది అన్నది చావుల కారణం తెలిస్తేనే తేలుతుంది.

గట్టు మీద వేసుకోవాల్సిన నాలుగు ప్రశ్నలు

1. ఏ వేళప్పుడు చచ్చాయి?

తెల్లవారుజామున మూడు నుంచి ఆరు లోపు అయితే ముందుగా ప్రాణవాయువు కొరతను అనుమానించండి. రాత్రంతా నాచు, చేప, అడుగు మట్టి అన్నీ ప్రాణవాయువు వాడుకుంటాయి, తయారు చేసేది మాత్రం ఉండదు. మధ్యాహ్నం రెండు, మూడు గంటలప్పుడు అయితే అమ్మోనియాను అనుమానించండి, ఆ వేళే పీహెచ్ పైన ఉంటుంది. వేళాపాళా లేకుండా, కొత్త నీరు పెట్టిన కొద్ది గంటల్లో అయితే ఆ నీటినే అనుమానించండి.

2. ఏవి చచ్చాయి, ఏవి బతికాయి?

ప్రాణవాయువు తగ్గినప్పుడు సాధారణంగా పెద్ద చేపలు ముందు పోతాయి. చచ్చిన చేప నోరు తెరిచి, మొప్పలు విచ్చుకుని కనిపిస్తుంది. బతికినవి పైకి వచ్చి గుటకలు వేస్తుంటాయి, ఏరియేటర్ దగ్గర గుమిగూడతాయి. అడుగున తిరిగే రొయ్యలు, పీతలు చచ్చి పైనీటి చేపలు బాగుంటే అడుగు మట్టిని చూడండి. రొయ్య, పీత, నీటి పురుగులు అన్నీ ఒకేసారి పోయి చేప ఇంకా తిరుగుతుంటే పురుగుమందు కలిసిన నీరు కావచ్చు. పొలాల్లో వాడే సైపర్‌మెత్రిన్ లాంటి మందులకు రొయ్య జాతి చాలా త్వరగా పోతుంది, కాస్త ఎక్కువైతే చేపా మిగలదు. ఒక్క రొయ్య మాత్రమే చస్తూ, అదే నీటిలోని పండుగప్పకు ఏమీ కాకపోతే వైరస్ జబ్బును కూడా లెక్కలోకి తీసుకోండి. తెల్లమచ్చ వైరస్ రొయ్యకు, పీతకు వస్తుంది కానీ చేపకు రాదు.

3. చావులు ఎలా పెరిగాయి?

నిన్నటిదాకా ఒక్కటీ లేదు, ఈ రోజు వందలు అంటే దాదాపు ఎప్పుడూ నీటి సమస్యే. నాలుగు రోజుల కింద చెక్ ట్రేలో మేత మిగిలింది, మూడు రోజుల కింద ఐదు చచ్చాయి, నిన్న ముప్పై, ఈ రోజు మూడొందలు అంటే జబ్బు నడక. తెల్లమచ్చలో మేత తగ్గడం, ఒళ్లు ఎర్రబడటం, పెంకు లోపలి వైపు తెల్ల చుక్కలు కనిపిస్తాయి, మూడు నుంచి పది రోజుల్లో చెరువంతా ఊడ్చేయగలదు. అందుకే చెక్ ట్రే లెక్క రాసి పెట్టుకున్న రైతుకు సగం జవాబు పుస్తకంలోనే ఉంటుంది.

4. గడిచిన రెండు రోజుల్లో ఏం మారింది?

వాన పడిందా, మబ్బు పట్టిందా, కరెంటు పోయిందా, నీరు పెట్టారా, మందు చల్లారా, గొలుసు లాగారా, నీటి రంగు మారిందా? ఆకుపచ్చగా ఉన్న నీరు ఒక్కసారిగా తేటబడి, గాలి కొట్టే మూలన నురుగు, మురికి తెట్టు కడితే నాచు చచ్చిపోయిందని అర్థం. చచ్చిన నాచు కుళ్లేటప్పుడు ప్రాణవాయువును తినేస్తుంది, అమ్మోనియాను వదులుతుంది. నాచు ఎక్కువైందని మందు కొట్టిన మర్నాడు చావులు వచ్చే చెరువులను నేను చాలా చూశాను. అక్కడ చావులకు దారి తీసింది ఆ మందే.

ఉప్పునీటికి ప్రత్యేకంగా తెలుసుకోవాల్సినవి

మంచినీటి చెరువు రైతు చెప్పే చిట్కాలన్నీ మనకు పనికిరావు. నాలుగు తేడాలు గుర్తుపెట్టుకోండి.

మొదటిది, ఉప్పు పెరిగేకొద్దీ నీటిలో ప్రాణవాయువు తక్కువ ఇముడుతుంది. 30 డిగ్రీల వేడిలో మంచినీరు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు పట్టుకోగలిగితే, సముద్రమంత ఉప్పున్న నీరు ఆరుకు కాస్త పైన మాత్రమే పట్టుకుంటుంది. అంటే ఆరో వంతు తక్కువ. మన దగ్గర నిల్వ మొదటి నుంచే తక్కువ.

రెండోది, వాన నీరు తేలిక, ఉప్పునీరు బరువు. పెద్ద వాన పడితే మంచినీరు దుప్పటిలా పైన పరుచుకుంటుంది. కింద ఉన్న ఉప్పునీటికి గాలి తగలదు. పైన డీఓ మీటరు ఐదు చూపిస్తుంటే అడుగున ఒకటి కూడా ఉండకపోవచ్చు, రొయ్య ఉండేది ఆ అడుగునే. కాబట్టి వాన తర్వాత నీటిని అడుగు నుంచి కూడా తీసి చూడాలి. సీసాకు రాయి కట్టి, మూతకు వేరే తాడు కట్టి, అడుగుకు దించాక మూత లాగితే సరిపోతుంది. పైన, కింద ఉప్పు శాతం తేడా ఉంటే నీరు పొరలుగా విడిపోయినట్టే. తూము పై పలకలు తీసి పై నీటిని వదిలేయండి, ఏరియేటర్లతో మిగిలినది కలపండి.

మూడోది, సముద్రపు నీటిలో సల్ఫేటు చాలా ఉంటుంది. గాలి అందని నల్ల మట్టిలో సూక్ష్మజీవులు దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. అందుకే కుళ్లిన గుడ్ల వాసన బాధ మంచినీటి చెరువు కంటే మనకే ఎక్కువ. వాసన వస్తున్న చెరువులో ఎట్టి పరిస్థితిలోనూ గొలుసు లాగొద్దు, మనుషులను దించి అడుగు కలపొద్దు. అడుగున దాగి ఉన్న విషాన్ని మనమే పైకి లేపినట్టవుతుంది.

నాలుగోది జేబుకు సంబంధించినది. అమ్మోనియాకు జియోలైట్ బస్తాలు అమ్ముతారు. మంచినీటిలో అది కొంత పని చేస్తుంది. ఉప్పునీటిలో సోడియం అడ్డుపడి, అమ్మోనియాను జియోలైట్ పెద్దగా పట్టుకోలేదు. ఆ డబ్బు డీజిల్‌కు పెట్టండి. అలాగే నైట్రైట్ భయం కూడా ఉప్పునీటిలో తక్కువే, నీటిలోని క్లోరైడ్ దాని విషానికి అడ్డుగా నిలుస్తుంది.

మొదటి గంటలో చేయాల్సినవి

కారణం తేలకముందు కూడా కొన్ని పనులు ఏ చెరువులోనైనా మేలే చేస్తాయి, కీడు చేయవు.

- ఉన్న ఏరియేటర్లన్నీ తిప్పండి. కరెంటు లేకపోతే జనరేటర్. అదీ లేకపోతే డీజిల్ ఇంజనుతో అదే చెరువు నీటిని తోడి పైనుంచి చిమ్మేలా పోయండి.
- మేత పూర్తిగా ఆపండి. ఒక రోజు మేత లేకపోతే ఏ చేపా చావదు.
- ఏ మందూ వేయకముందే డీఓ, పీహెచ్, ఉప్పు శాతం, అమ్మోనియా చూసి వేళతో సహా రాసుకోండి. మందు వేశాక చూసిన పీహెచ్ అసలు కథ చెప్పదు.
- కాలువ నీరు బాగుందని తెలియకుండా లోపలికి పెట్టొద్దు. పక్క చెరువు వదిలిన నీరో, పొలం మందు నీరో అయితే ఉన్నవి కూడా పోతాయి.
- చచ్చినవాటిని వెంటనే ఏరి దూరంగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి. కాలువలో పారేస్తే ఈ రోజు మీ చెరువు, రేపు మీ అన్నదమ్ముల చెరువు.

ఆ తర్వాత కారణాన్ని బట్టి నడవండి. డీఓ 3 కన్నా తక్కువైతే గాలి ఒక్కటే మందు. ప్రాణవాయువు బిళ్లలు గంట, రెండు గంటలు నిలబెడతాయి, ఏరియేటర్‌కు బదులు కావు. అమ్మోనియా ఉండి పీహెచ్ ఎనిమిదిన్నర దాటితే సున్నం ముట్టుకోవద్దు. మేత ఆపి, గాలి ఇచ్చి, మంచి నీరుంటే కొద్దికొద్దిగా మార్చండి. వాన తర్వాత పీహెచ్ ఏడున్నర కన్నా తగ్గితే వ్యవసాయ సున్నమో డోలమైటో మెల్లగా వేయండి. ఇవి కాల్చిన సున్నంలా పీహెచ్‌ను ఒక్కసారిగా ఎగదోయవు.

జబ్బని అనుమానం ఉంటే

చచ్చి ఉబ్బిన రొయ్యను ల్యాబుకు తీసుకెళ్తే ఏమీ తేలదు. కొన ఊపిరితో ఉన్నవాటిని విసురు వలతో పట్టి, శుభ్రమైన కవరులో వేసి, ఐసు మీద పెట్టి కొద్ది గంటల్లో చేర్చండి. గడ్డకట్టించవద్దు. పీసీఆర్ పరీక్షకైతే ల్యాబు వాళ్లు చెప్పినట్టు ఆల్కహాల్‌లో ఇవ్వండి. పురుగుమందు అనుమానం ఉంటే శుభ్రమైన గాజు సీసాను అంచుదాకా నింపి, ఐసులో పెట్టి అదే రోజు పంపండి. మీ గ్రామ మత్స్య సహాయకుడికి కబురు చేసి ఆయన ఎదుటే నమూనా తీయిస్తే, తర్వాత కాలువ నీటి తగాదా వచ్చినా మీ మాటకు బలం ఉంటుంది. తేదీ, వేళ కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోండి.

తెల్లమచ్చ అని తేలితే బ్లీచింగ్‌తో శుద్ధి చేయకుండా ఆ నీటిని కాలువలోకి వదలొద్దు. వైరస్‌కు యాంటీబయాటిక్ పని చేయదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధిత మందులు ఏ పేరుతో డబ్బాలో వచ్చినా వేయొద్దు. వాటి అవశేషం దొరికితే విదేశంలో కంటెయినర్ వెనక్కి వస్తుంది. ధర ఇప్పటికే పడిపోయిన రోజుల్లో ఆ నష్టం తిరిగి మన గట్టు మీదకే వస్తుంది.

ఈ పంటకు ఇంతైనా చేయండి

నలభై పేజీల నోటు పుస్తకం ఒకటి చెరువు దగ్గర పెట్టండి. రోజుకు రెండుసార్లు, తెల్లవారుజామున ఐదుకు, మధ్యాహ్నం మూడుకు డీఓ, పీహెచ్ రాయండి. మీటరు కొనలేకపోతే నలుగురు రైతులు కలిసి ఒకటి కొనండి. ఉదయం, మధ్యాహ్నం పీహెచ్‌ల మధ్య తేడా అర దాటి పెరుగుతూ పోతుంటే నాచు ఎక్కువవుతోందని చెరువు ముందుగానే చెబుతోంది. అప్పుడే మేత తగ్గించండి.

ఏరియేటర్ లెక్క కూడా ఒకసారి సరిచూసుకోండి. 400 నుంచి 500 కిలోల రొయ్యకు ఒక హెచ్‌పీ అన్నది అందరూ పాటించే కొలత. మీ చెరువులో రెండు టన్నులు ఉన్నాయని విసురు వల చెబుతుంటే నాలుగైదు హెచ్‌పీ తిరగాలి. అంత తిప్పలేకపోతే కొంత సరుకు ముందే పట్టి అమ్మేయండి. రేటు తక్కువన్న బాధ నాకు తెలుసు. కానీ తక్కువ రేటుకు అమ్మిన రొయ్యకు ఎంతో కొంత వస్తుంది, గట్టు మీద ఏరిన రొయ్యకు గొయ్యి తీసిన కూలీ కూడా మనమే ఇవ్వాలి.

వచ్చే వానకు ముందు జనరేటర్‌ను ఒకసారి తిప్పి చూడండి, రెండు రాత్రుల డీజిల్ పక్కన పెట్టండి. ఇక ఏ తెల్లవారుజామునైనా చేప తేలితే, సున్నం సంచి విప్పకముందు పీహెచ్ చూడండి. ముప్పై ఏళ్ల కింద ఆ తల్లి అడిగిన ప్రశ్న మీ ఇంట్లో ఎవరూ అడగకూడదు.